వేట వేళ లంగరు ఏడుపు

జాలారిపేటలో గురువమ్మ నోటికి జంకని మనిషి లేడు. సీతమ్మధారలో ఆమె చేపల గంప దించిందంటే, బేరమాడదామని కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చిన రిటైర్డ్ ఆఫీసర్లు సైతం ఆమె చెప్పిన ధరకే కోనాం ముక్కలు పట్టుకుని లోపలికి పోవలసిందే. "సేప కళ్ళు సూడండి బాబూ, మీ కళ్ళకన్నా తేటగా నేవేటి?" అని అడిగితే ఎవరు మాత్రం ఏం చెబుతారు? అలాంటి గురువమ్మకి ఒక ఊరకుక్క దగ్గర నోరు పడిపోయింది.

రెండువేల మూడు ఎండాకాలంలో మొదలైంది ఇదంతా. చేపలు గుడ్లు పెట్టే రోజులని సర్కారు వేట ఆపించింది. బోట్లన్నీ ఒడ్డెక్కాయి. గురువమ్మ మొగుడు సూరన్న పొద్దస్తమానం ఇంటిముందు కూర్చుని చిరిగిన వలలు కుట్టుకునేవాడు. ఎవరూ పిలవకుండానే ఒక గోధుమరంగు కుక్కపిల్ల వచ్చి అతని పాదాలమీద పడుకుంది. కాలు కదిపితే గుర్రుమంది. "ఒలే గురువమ్మా, లంగరేసినట్టు నన్ను కదలనివ్వట్నేదే" అని సూరన్న మురిసిపోయాడు. దాని పేరు లంగరైపోయింది.

కుక్క ఇంట్లోకి రాకూడదని గురువమ్మ గట్టిగానే చెప్పింది. వారం తిరక్కముందే అది ఆమె చాపమీద, ఆమె వీపుకి వీపు ఆనించి పడుకుంటోంది. అదేమిటని అడిగేంత ధైర్యం సూరన్నకి లేదు.

జూన్ వచ్చింది, వేట మొదలైంది. గవర్రాజు బోటులో సూరన్న పని. సాయంత్రం వెళితే మర్నాడు పొద్దున్నే తిరిగొస్తారు. మొదటిరోజు సూరన్న డీజిల్ క్యాను అందుకుని గడప దాటాడో లేదో, లంగరు మెడ పైకెత్తి ఏడుపు లంకించుకుంది. మామూలు ఏడుపు కాదది. పేటంతా మారుమోగేలా, సాగదీసి, రాగం తీసి మరీ ఏడ్చింది.

వేటకి పోయే వేళ కుక్క ఏడవడమంటే జాలారిపేటలో ఎంత మాటో వేరే చెప్పక్కర్లేదు. సముద్రంమీదకి పోయేవాడిని "ఎక్కడికి" అని అడగరు. పెళ్ళాం కంటతడి పెట్టకూడదు. గడప దాటినవాడు వెనక్కి తిరగకూడదు. ఇన్ని జాగ్రత్తలు పడుతున్నవాళ్ళ మధ్య ఈ కుక్క రోజూ వేళ తప్పకుండా శోకాలు పెడుతోంది. ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు?

శకునాల విషయంలో పేటలో ఆఖరి మాట ఎదురింటి ముసలి పోతమ్మది. "దానికి దిట్టి తగిలిందే" అని తేల్చి, ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి నిప్పుల్లో పోసింది. ఆ ఘాటుకి లంగరు ఏడుపు నిజంగానే ఆపింది. ఆపి, సరిగ్గా సూరన్న గడపమీద కాలు పెట్టినప్పుడు ఒక్కటంటే ఒక్క తుమ్ము తుమ్మింది. ఒంటితుమ్ము! ఏడుపే నయమనుకున్నారు అందరూ. తరవాత పాత పోస్టాఫీసు దగ్గర అత్తరుకొట్టు హుస్సేన్ బాషా చేత తాయెత్తు కట్టించారు. దాన్ని లంగరు తాడుతో సహా నమిలి మింగేసింది. గదిలో పెట్టి గొళ్ళెం వేస్తే తలుపు చెక్కంతా గీకి, కాలిగోళ్ళు నెత్తురు చేసుకుని, సూరన్న చెప్పు ఒకటి తినేసింది.

ఒకరోజు వలలో సొరచేప పడి వలంతా చీలికలైపోయింది. గవర్రాజు నేరుగా వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"సూడు బావ, నీమీద నాకేటీ కోపం నేదు. అమాస దాకా సూత్తాను. ఆ తరవాత కూడా ఏడిసిందంటే, అదైనా ఈ ఇంట్లో ఉండకూడదు, నువ్వైనా నా బోట్లో ఉండకూడదు. సబ్బవరంలో మా తోడల్లుడికి జీడితోట ఉంది, అక్కడొదిలేద్దాం."

సూరన్న తల ఊపాడు. ఊపక ఏం చేస్తాడు? గురువమ్మ మాత్రం ఆ పూట ముద్ద మింగలేదు. పెళ్ళయిన నాటినుంచీ సూరన్న వేటలో ఉన్న రాత్రుళ్ళు ఆమెకి నిద్ర ఉండేది కాదు. గాలి విసురుకి రేకు కదిలితే లేచి కూర్చునేది. ఈ కుక్క వీపు ఆనుకుని పడుకుంటే కంటినిండా నిద్రపట్టిన సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, సిగ్గు. ఇప్పుడది జీడితోట పాలవుతుందట.

సీతమ్మధారలో ఆమె దగ్గర చేపలు కొనే పద్మావతి పశువుల డాక్టరు. కుక్కలకీ పిల్లులకీ ఇంటికిందే క్లినిక్ నడుపుతుంది. మర్నాడు గురువమ్మ గంప దించి, బేరం మాట ఎత్తకుండా కూర్చుంది. డాక్టరమ్మ కంగారుపడి "ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. గురువమ్మ మొత్తం చెప్పుకొచ్చింది.

"ఏడవడానికి ముందు ఏం చేస్తుంది?"

"ఏటీ సెయ్యదమ్మా. మా ఆయన సద్ది కట్టుకుంటాంటే ఆవలింతలు తీత్తాది. మూతి నాక్కుంటాది. ఆకలని సేప ముక్కేత్తే ముట్టదు. తోక కాళ్ళమద్దిన పెట్టీసి ఆయన ఎనకాలే తిరుగుతాది. డీజిల్ క్యాను ఎత్తీసరికి ఒణుకు."

"ఆవలింత నిద్రకి కాదు, నాకడం ఆకలికి కాదు. అదంతా భయమే. ఎండాకాలమంతా మనిషి కళ్ళముందే ఉన్నాడు. ఇప్పుడు వెళితే మళ్ళీ వస్తాడో రాడో దానికేం తెలుసు? బెంగ పెట్టుకుంది."

బెంగ! దిష్టి కాదు, గాలి కాదు, అపశకునం కాదు. పుట్టింటినుంచి వచ్చిన కొత్తకోడలికి వచ్చేదే.

డాక్టరమ్మ మందు కూడా చెప్పింది. కొట్టకూడదు, కట్టేయకూడదు. క్యాను చూస్తే భయం పోయేదాకా ఊరికే ఎత్తి దించుతూ ఉండాలి. వెళుతున్నట్టు గడప దాటి, అది ఏడుపు మొదలుపెట్టకముందే వెనక్కి వచ్చేయాలి. అలవాటయ్యే కొద్దీ బయట ఉండే సేపు కొంచెం కొంచెం పెంచాలి. నిజంగా వెళ్ళేటప్పుడు, చాలాసేపు కొరుక్కోవడానికి ఏదైనా పడేయాలి.

సూరన్న ఇదంతా విని లేచి నిలబడ్డాడు. "క్యాను పట్టుకుని గడప దాటి ఎనక్కి రావాలా? నాను? గంగమ్మతల్లి ఏటనుకుంటాది? సచ్చినా సెయ్యను."

"పోనీలే మావా, నానే సేత్తాను" అంది గురువమ్మ.

మర్నాడు మధ్యాహ్నం ఆమె సూరన్న పచ్చలుంగీ కట్టి, డీజిల్ కంపు కొట్టే చొక్కా తొడిగి, తలకి తువ్వాలు చుట్టి, క్యాను పట్టుకుని బయటికి నడిచింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. ఎదురరుగుమీద కునుకుతున్న పోతమ్మ కళ్ళు తెరిచి గుండెలు బాదుకుంది.

"ఓలమ్మో! సూరన్న తిరిగొచ్చేత్తన్నాడు! ఎవులైనా రండే!"

"అరవకత్తా, నాను."

"ఎవులు, గురువమ్మా? ఇదేటే ఏసం? మొగుడి లుంగీ కట్టుకుని ఏటి సేత్తన్నావే?"

సంగతి విని పోతమ్మ చాలాసేపు ఆలోచించింది. ఇలాంటి కేసు ఆమె ముందుకి ఎప్పుడూ రాలేదు. చివరికి తీర్పు చెప్పింది: వేటకి పోనివాళ్ళు ఎన్నిసార్లు వెనక్కి తిరిగినా శకునం అంటదు. తీర్పు చెప్పి ఊరుకుంటే పోయేది. రోజూ మధ్యాహ్నం ఆకూవక్కా సర్దుకుని అరుగుమీద కూర్చుని నాటకం నడిపించడం మొదలుపెట్టింది.

"సూరన్న అలగ నడవడే. ఎడమకాలు కూసింత ఈడుత్తాడు. దగ్గు, ఓసారి దగ్గు. క్యాను ఆ సేత్తో కాదు."

గురువమ్మ ఎడమకాలు ఈడ్చింది, దగ్గింది, చెయ్యి మార్చింది. లుంగీ జారితే అక్కడే నిలబడి బిగించుకుంది. అటువైపు వచ్చిన పోస్టుమాన్ సైకిలు దిగి, మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయాడు. లంగరు మొదట వెర్రి చూపులు చూసింది. తరవాత గుమ్మందాకా వచ్చి ఆగింది. ఆఖరికి, ఈమెకి మతి పోయిందని ఖాయం చేసుకుందో ఏమో, క్యాను ఎత్తినా తల దించుకుని పడుకునేది.

ఒకరోజు పోతమ్మ ఆమెని మధ్యలో ఆపింది.

"గుమ్మం దాటగానే అలగ ఎల్లిపోకే. ఆడు కూసింతసేపు నిలబడతాడు. రోజూ."

"ఎందుకు?"

"నాకేటి తెలుసు? ఎనక్కి తిరగడు. గోడకేసి నిలబడి సెవొగ్గి ఇంటాడు. ఇనీసి ఎల్తాడు."

గురువమ్మ ఆ గోడ పక్కన నిలబడి చూసింది. లోపల గిన్నె చప్పుడు చేసినా వినిపించే చోటది. ఇన్నేళ్ళుగా అతను వెళ్ళేటప్పుడు కన్నీళ్ళు ఆపుకోవడానికే ఆమె గిన్నెలు దడదడలాడిస్తూ తోముతుండేది. అది కోపమనుకుని ఉంటాడా, ఏమనుకుని ఉంటాడు? ఆమెకి ఆ ఎండలో, ఆ లుంగీలో, ఏడుపొచ్చింది. దగ్గినట్టు నటించి లోపలికి వచ్చేసింది.

అమావాస్య దగ్గర పడింది. గవర్రాజు తన కళ్ళతో చూసి తేల్చుకుంటానని సాయంత్రం స్వయంగా వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. గురువమ్మ కొబ్బరిచిప్పలో ఎండు నెత్తళ్ళూ అన్నమూ కలిపి, గట్టిగా కూరి, లంగరు ముందు పెట్టింది. సూరన్న సద్ది అందుకున్నాడు. లంగరు ఆవలించలేదు. క్యాను ఎత్తాడు. లంగరు చిప్పలోకి ముక్కు దూర్చింది. గడప దాటాడు.

కుక్క ఏడవలేదు. గురువమ్మ గిన్నెలూ తోమడం లేదు, ఊపిరి బిగబట్టి నిలబడిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దం.

గోడ అవతల సూరన్న నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. గవర్రాజు మొహం విప్పారింది. "సెబాసు! రా బావ, పోదాం!" అంటూ భుజం తట్టాడు. సూరన్న కదల్లేదు. క్యాను కింద పెట్టాడు. పోతమ్మ వక్క నమలడం ఆపేసింది.

సూరన్న వెనక్కి తిరిగి గడప దాటి లోపలికి వచ్చేశాడు.

"ఏటే, అది ఏడవట్నేదు? ఒంట్లో బాగా నేదా?"

"బాగానే ఉంది మావా. సూడు, తింటాంది."

"మరి నువ్వు? నీ సప్పుడూ నేదు. నీకేటైనా అయిందేటో అని..."

గురువమ్మ ఇక ఆగలేకపోయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి మొదటిసారి, మొగుడు వేటకి పోయే వేళ, అతని చొక్కా పట్టుకుని బావురుమంది. సూరన్న తువ్వాలుతో ఆమె మొహం తుడవబోయి తన మొహం తుడుచుకున్నాడు. ఇంత జరుగుతుంటే లంగరు చిప్ప వదలలేదు.

గవర్రాజు వాకిట్లోంచి ఇదంతా చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఎనక్కి తిరిగినాడు! ఆడది ఏడిసింది! ఇంకేటి వేట, ఇయాల్టికి నేదు పొండి!"

పోతమ్మ అరుగు దిగి, కర్ర పోటేసుకుంటూ వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"ఏరా గవర్రాజూ, ఏడిసినోళ్ళని సబ్బవరం పంపుతానన్నావు గదా. ఇప్పుడు ఈలిద్దర్నీ పంపుతావేటి?"

గవర్రాజు ఇంట్లో ఏడుస్తున్న ఇద్దరినీ, తింటున్న కుక్కనీ మార్చి మార్చి చూశాడు. కాసేపటికి అరుగుమీద కూలబడి, "టీ అయినా పెట్టించత్తా" అన్నాడు.