పెద్ద తెర మీద అత్తయ్య తీగ

మామగారిని నేను మావయ్యా అనే పిలుస్తాను. ఆయన పెడనలో కలంకారీ అద్దకపు అచ్చులు చెక్కేవారు. రెండేళ్ళ కిందట ఉలి పక్కన పెట్టేశారు. చూపుకి నడిమధ్యన మసక చేరింది, సన్న గీతలు కంటికి ఆనడం మానేశాయి. డాక్టరుగారు ఇక ఇంతేనన్నారు.

ఆయనకి ఒక్క కోరిక మిగిలింది. చనిపోయిన అత్తయ్య ఆఖరుసారి గీసిన మామిడాకుల తీగని టేకు చెక్కలోకి దించాలి. ఆ ఇంట్లో ఎప్పుడూ ఆవిడ గీసేవారు, ఈయన చెక్కేవారు. గీసిన కాగితాన్ని చెదలు తినేశాయి. అంతకుముందే నేను దాన్ని స్కాన్ చేసి దాచింది నా పాత లాప్‌టాప్‌లోనే, అది తెరిచే ప్రోగ్రాం కూడా అందులోనే ఉంది. కానీ ఆ చిన్న తెర మీద ఆయనకి తీగంతా ఒక ముద్దలా కనబడేది.

అందుకని పెద్ద మానిటరు, దాంతోపాటు డాక్ అనే చిన్న పెట్టె కొన్నాను. మానిటరు, కీబోర్డు, మౌసు అన్నీ ఆ పెట్టెకి తగిలిస్తే, ఒకే వైరు లాప్‌టాప్‌కి వెళ్తుందట. తీరా చూస్తే ఆ వైరు మూతి పట్టే కన్నం నా లాప్‌టాప్‌కి లేదు. మధ్యలో చిన్న ముక్క ఒకటి పెట్టి పాత యూఎస్‌బీలో దూర్చాను. కీబోర్డు పలికింది, మౌసు కదిలింది, బొమ్మ మాత్రం రాలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు.

నల్లటి తెర మీద ‘నో సిగ్నల్’ అన్న నీలం ముక్క ఈ మూల నుంచి ఆ మూలకి తేలుతూ పోతోంది. అక్షరాలు మావయ్యకి కనబడవు, నీలం కనబడుతోంది.

“కాలవలో పడవలా పోతోందమ్మా” అన్నారు.

నాకు కోపం, ఏడుపు కలిసి వస్తున్నాయి. ఆయనకి మాత్రం హాయిగా ఉన్నట్టుంది. చివరికి నేనూ చాప మీద కూలబడి దాన్నే చూశాను. బయట వాన, లోపల దండెం మీద ఆరేసిన అద్దకం బట్టల పచ్చి వాసన, తేలుతున్న ఆ నీలం. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు.

మర్నాడు లాప్‌టాప్ పట్టుకుని బందరు వెళ్ళాను. ఇంట్లో పడున్న, లాప్‌టాప్‌ని మానిటరుకి కలిపే కన్వర్టరు ఒకటి కూడా సంచిలో వేసుకెళ్ళాను. షాపాయన నవ్వాడు.

“మీ యూఎస్‌బీలోంచి బొమ్మ రాదండీ. ఈ పక్కనున్న నీలం రంగు వీజీఏ కన్నంలోంచే రావాలి.”

“అందుకేగా ఇది తెచ్చాను?”

“ఇది కొత్త లాప్‌టాప్‌ని పాత మానిటరుకి కలిపేదండీ. మీకు తిరగేసింది కావాలి. కాలవ నీళ్ళు ఎదురు పారతాయేంటండీ?”

ఆయనిచ్చినదానికి కరెంటు కోసం పక్కనుంచి సన్నటి తోక ఒకటి ఉంది. ఇంటికొచ్చి, డాక్‌ని కీబోర్డుకీ మౌసుకీ వదిలేసి, దీంతో లాప్‌టాప్‌ని నేరుగా మానిటరుకి కలిపాను. తెర ఒక్క క్షణం నల్లబడి, తర్వాత తీగ విచ్చుకుంది. ఒక్కో ఆకు అరచెయ్యంత ఉంది.

“తిరగేసి చూపించు” అన్నారు మావయ్య. అచ్చు మీద బొమ్మ తిరగబడి ఉండాలి, బట్ట మీద పడ్డాకే తిన్నగా అవుతుంది. తిప్పాను. ఆయన ముక్కు తెరకి ఆనించి, తల వాల్చి, కంటి కొసతో తీగ వెంట నెమ్మదిగా నడిచారు.

“ఇది ఎవరు గీశారమ్మా?”

“అత్తయ్యే కదండీ.”

“కాదు. మూడో ఆకు దగ్గర మీ అత్తయ్య చెయ్యి ఆగింది. నేను పక్కనే ఉన్నాను. ఇది ఆగలేదు.”

నా నెత్తిన చన్నీళ్ళు పోసినట్టయింది. అత్తయ్య చనిపోయిన ఆ నెలలోనే, ఆవిడ వణుకుతూ గీసిన గీతలన్నిటినీ నేనే కూర్చుని నున్నగా దిద్దాను. కొనేవాళ్ళు వంక పెట్టకూడదని. ఆ చిన్న తెర మీద ఎంత ముచ్చటగా అనిపించిందో! ఎవరికీ చెప్పలేదు. ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు, అది నాకే సరిపోయింది.

ఉన్నదున్నట్టు చెప్పేశాను. పాత స్కాన్ చెరిపేశానో, దిద్దిన బొమ్మకి కింద పొరలో ఉంచానో గుర్తు రావడం లేదు. నేను దిద్దిన పైపొరని కనబడకుండా చేశాను.

కింద ఉంది. పెన్సిలు గీత, బూడిదరంగులో. మూడో ఆకు దగ్గర ఆగి, చిన్నగా వణికి, మళ్ళీ ముందుకెళ్ళింది. మావయ్య అక్కడ వేలు పెట్టి అలాగే ఉంచేశారు. క్షమించమన్నాను.

“చెరపలేదుగా” అన్నారు.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే తెర ముందు కూర్చుని ఒక్కో ఆకునీ వేలితో నేర్చుకునేవారు. నేను చెక్క మీద గాటు పెట్టి గీసిన గీతని గోటితో తడుముకుంటూ ఉలి నడిపేవారు. ఆ అచ్చు పూర్తయ్యేసరికి వానలు వెళ్ళిపోయాయి.

మొదటి అద్దకం నేనే వేశాను. అచ్చుకి రంగు అంటించి, బట్ట మీద పెట్టి, పిడికిలితో గుద్ది పైకెత్తాను. బట్ట మీద ఏం పడిందో ఆయనకి కనబడదు.

“మూడో ఆకు దగ్గర వణికిందా?” అన్నారు.

“వణికిందండీ” అన్నాను.