అక్క దుకాణం షట్టర్

యాప్రాల్‌లో మా అక్క బట్టలు కుట్టే దుకాణం పెట్టిన రెండో ఏడు దాని షట్టర్ మొండికేసింది. ఎత్తాలంటే ఇద్దరు కావాలి. దించబోతే చేతిలోంచి జారి దబ్బున పడేది. రోజూ పొద్దున నేను వెళ్లి సాయం పట్టాకే ఆఫీసుకు పోయేవాణ్ణి. నాకు ఆలస్యమైతే అక్క మెట్ల మీద కూర్చునేది, పక్కనే కుట్టించుకోవడానికొచ్చిన గిరాకీలు.

దుకాణం అద్దెకిచ్చిన ఓనర్‌కు సాకు దొరికింది. "ఆడోళ్ల చేతికి గీ దుకాణం అచ్చొస్తలేదమ్మా. దిష్టి తగిలింది. ఖాళీ చెయ్యి, ఇంకొకరికి ఇస్త" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇనుముకు దిష్టేమిటని రోడ్డు మీదే అరగంట వాదించాను. తుప్పు పట్టింది, అంతే అని తేల్చేసి, షట్టర్ జారే రెండు పట్టాల్లోనూ డబ్బాడు నూనె పోశాను.

ఆ సాయంత్రం అది ఇంకా వేగంగా పడింది, అక్క బొటనవేలికి బెత్తెడు దూరంలో.

"నాతోని కాదు తమ్మీ. ఖాళీ చేస్తనని ఓనర్‌కు చెప్పేస్త" అంది అక్క.

మౌలాలి నుంచి షట్టర్లు బాగుచేసే పెద్దాయనను పిలిచాను. పట్టాను వేలితో తడిమి వాసన చూశాడు.

"నూనె పోసిన మొనగాడెవరు?"

"మా తమ్ముడే. సైన్స్ మీద వ్యాసాలు రాస్తడు."

"రాయనియ్యి. పోసుడు మాత్రం బంద్ చెయ్యమను."

ఇన్నాళ్లూ కాస్తో కూస్తో పట్టి ఆపింది ఆ తుప్పేనట. అసలు జబ్బు పైన షట్టర్ చుట్టుకునే చుట్టలో ఉన్న స్ప్రింగ్‌ది. "దిగేటప్పుడు షట్టర్ బరువు స్ప్రింగ్‌ను బిగిస్తది సార్. ఎత్తేటప్పుడు ఆ బిగువే మీకు సాయం పడ్తది. స్ప్రింగ్ వదులైతే బరువంతా ఉరుకుడే."

పైనున్న షట్టర్ స్థితిజశక్తి దిగుతూ దిగుతూ స్ప్రింగ్‌లోకి చేరాలి. చేరకపోతే గతిజశక్తై కాళ్ల మీదికి వస్తుంది. బడిలో బట్టీపట్టిన ఈ మాటలను సభల్లో ఎన్నిసార్లు చెప్పానో! నెత్తిమీదున్న చుట్టను మాత్రం తలెత్తి చూడలేదు.

ఆయన మమ్మల్ని ఎడంగా నిలబెట్టాడు. షట్టర్‌ను పైకెత్తి తాడుతో కట్టేసి, నిచ్చెనెక్కి ఇరుసుకు రెంచి తగిలించి తిప్పాడు. పట్టు తప్పితే బిగిసిన స్ప్రింగ్ ఆ రెంచితోనే మణికట్టు విరగ్గొడుతుంది. అందుకే ఒక్కో చుట్టుకూ ఆగి, చేతికి తెలిసేదాన్ని శ్రద్ధగా గమనించాడు. ఊహించడం లేదు, పరీక్షిస్తున్నాడు.

"ఇంకో చుట్టు?" అన్నాను.

"వద్దు సార్. మరీ బిగిస్తే కిందికే రాదు."

బోల్టులు బిగించి, తాడు విప్పి, షట్టర్‌ను నడుము ఎత్తుకు దించి చేతులు తీసేశాడు. అది అక్కడే నిలిచింది. పడాలనే బరువూ, పైకి లాగే స్ప్రింగూ సరిసమానం. నా అరగంట వాదనలో లేని రుజువు అందులో ఉంది.

అక్క ఒంటిచేత్తో పైకెత్తింది. దించింది. ఎత్తింది. ఓనర్ వచ్చి చూస్తుండగా మరోసారి.

మర్నాడు అలవాటు కొద్దీ తొమ్మిదింటికి వెళ్లాను. దుకాణం తెరిచే ఉంది. లోపల గుడ్డ కత్తిరిస్తున్న అక్క తలెత్తకుండానే, "ఏంది తమ్మీ, ఏమన్న కుట్టించుకునేదుందా?" అంది.