కంప వేసిన మలుపులో మా అవ్వ

మా అవ్వ తన సమాధి జాగాకు తానే సున్నం కొట్టుకునేది. నవంబరు రెండున సమాధుల పండుగ అనగానే ముందు రోజే బకెట్టు, కుంచె పట్టుకొని వెళ్లేది. తాత సమాధిని తెల్లగా చేసి, పక్కన తన కోసం కట్టించుకున్న ఖాళీ గద్దెకు కూడా ఓ పూత వేసి, "నా ఇల్లు గూడ తయారుండాలె గదా" అని నవ్వేది. ఆ గద్దె ఇప్పటికీ ఖాళీగానే ఉంది. అవ్వ ఊరి బయట మలుపులో, రాళ్ల మధ్య ఉంది. ఆమెను తాత పక్కకు చేర్చాలని కొన్నేళ్లుగా ఊరి చర్చికి ఫోన్లు చేస్తూనే ఉన్నాను. "పండుగ నాడు రండి, పెద్దలంతా ఉంటారు, మాట్లాడదాం" అని కొత్తగా వచ్చిన ఫాదర్ అనడంతో పోయినేడు బయలుదేరాను.

హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు దారి సులువే. పొద్దున ఏడింటికి కల్వకుర్తి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కడ్తాల్, ఆమనగల్లు మీదుగా పదింటికల్లా దిగొచ్చు. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్. సీటు దొరకడం మాత్రం దేవుడి దయ. దారి పొడుగునా పత్తిచేలు, గుట్టలు, మధ్యమధ్య రంగు జెండాలు పాతిన ప్లాట్లు. కల్వకుర్తిలో ఇడ్లీ తిని, బంతిపూలు, కొవ్వొత్తులు, సున్నం కొనుక్కున్నాను. అక్కడి నుంచి మా ఊరికి బస్సులు తక్కువ. సాయంత్రం దాకా ఆగి మళ్లీ తీసుకొచ్చేలా ఆటోను ఆరు వందలకు మాట్లాడుకున్నాను.

డ్రైవర్ యాదయ్యది మా ఊరేనట. నలభై దాటి ఉంటాయి. నా సంచిలో కొవ్వొత్తులు చూసి, "సమాధుల పండుగకా చెల్లె? ఎవరి తాలూకు?" అన్నాడు.

"నర్సమ్మ మనుమరాలిని."

"అయ్యో, నర్సమ్మనా! నేను గా అవ్వ చేతులనే పడ్డ. మా ఊర్ల నా ఈడోళ్లంత గంతే."

నిజమే. సిస్టర్లు నడిపిన చిన్న దవాఖానలో అవ్వ నర్సు. దవాఖాన మూతపడి సిస్టర్లు వెళ్లిపోయినా ఆమె కదల్లేదు. ఏ ఇంట్లో నొప్పులు మొదలైనా జపమాల రొంటిన దోపుకొని వెళ్లేది. తాగొచ్చిన మొగుణ్ని గడప తొక్కనిచ్చేది కాదు. బిడ్డను తల్లి ఒడిలో పెట్టేముందు నొసటి మీద బొటనవేలితో సిలువ గీసేది. వాళ్లు మొక్కేది ఏ దేవుడికైనా, ఆ ఊరి తల్లులకు అదొక ఆనవాయితీ అయిపోయింది. నర్సమ్మ గీయకపోతే బిడ్డ పాలు తాగదని చెప్పుకునేవాళ్లు.

"నాకు గూడ గీసిందంట. మా అమ్మ చెప్పేది" అని యాదయ్య నుదురు తడుముకున్నాడు.

ఊరి ముందు మలుపు రాగానే అతను ఆటో వేగం పెంచాడు. కరోనా నాటి ఎండాకాలంలో అవ్వ కల్వకుర్తిలో గుండె ఆగి చనిపోయింది. పరీక్షలో కరోనా లేదనే తేలింది. ఆమె కొడుకు, మా బాపూ నేనూ అంబులెన్స్‌లో తీసుకొస్తే, ఇదే మలుపులో రోడ్డుకు అడ్డంగా తుమ్మకంప వేసి ఉంది. అవతల ముఖాలకు తువ్వాలలు కట్టుకున్న మగవాళ్లు. బాపు చేతిలోని కాగితం చదవడానికైనా ఒక్కడు దగ్గరికి రాలేదు. సాయంత్రం దాకా బతిమాలి, చివరికి రోడ్డు పక్క సర్కారు బంజరులో జేసీబీతో గుంత తీయించాడు బాపు. పూజ లేదు, తీర్థం లేదు. ఇద్దరమే పరలోక జపం చెప్పుకొని మట్టి పోశాం.

మధ్యాహ్నం సమాధుల తోటలో తాత సమాధికీ, పక్కన ఖాళీ గద్దెకూ సున్నం కొట్టాను. ఖాళీ జాగాకు పూత వేయడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. మూడింటికి పూజ అయ్యాక అవ్వ సంగతి ఎత్తాను. చర్చి పనులు చూసే ముసలి ఉపదేశి ముందుగా అందుకున్నాడు.

"తవ్వుడంటె మాటలా బిడ్డా? ఊరోళ్లు మల్ల లొల్లి జేస్తరు. మనం నాలుగిండ్లోళ్లం. ఈడ బతకాలె గదా."

"మా అవ్వ గూడ ఈడనే బతికింది గదా పెద్దయ్యా?"

ఆయన ఫాదర్ వైపు చూశాడు. ఫాదర్ మాత్రం, "అధికారుల అనుమతి కావాలమ్మా, చూద్దాం" అన్నారు. ఈ చూద్దాం అనే మాట నాకు కొత్త కాదు. పోనీ మలుపు దాకా వచ్చి సమాధి మీద తీర్థమైనా చల్లమన్నాను. పక్క ఊళ్లో ఇంకో పూజ ఉందట. చిన్న సీసాలో తీర్థం పోసిచ్చి, "మీరే చల్లండి" అన్నారు.

మలుపులో ఆటో ఆపించాను. రాళ్ల కుప్ప, ఒక చెయ్యి విరిగిన కర్ర సిలువ. తీర్థం చల్లి పూలు పెట్టాను. గాలికి కొవ్వొత్తి ఎంతకీ నిలవడం లేదు. వెనక నుంచి యాదయ్య గొంతు వినిపించింది.

"చెల్లె, గా దినం కంప కొట్టుకొచ్చినోళ్లల్ల నేను గూడ ఉన్న. మొఖానికి గుడ్డ గట్టుకుంటి, మీ బాపు గుర్తువట్టలే. ఇంట్ల చిన్నపిల్లలుండిరి, భయమైంది. ఒక్క కొవ్వొత్తి నన్ను ముట్టియ్యనియ్యి."

"వద్దన్నా."

అతను వెళ్లి, ఆటో తిప్పి, సరిగ్గా ఆనాడు కంప ఉన్నచోట రోడ్డుకు అడ్డంగా పెట్టాడు. గాలి ఆగింది, కొవ్వొత్తి నిలిచింది. అడ్డం పెట్టడం ఈ ఊరివాళ్లకు బాగా వచ్చు. తిరిగి కల్వకుర్తిలో దిగాక కిరాయి వద్దన్నాడు. సీటు మీద పెట్టి బస్సెక్కాను.

అవ్వ ఉంటే క్షమించేదని మా చుట్టాలంటారు. క్షమించేదే. అతని పిల్లలకు జ్వరమొస్తే ఆ రాత్రే వెళ్లి కూర్చునేది కూడా. నేను అవ్వను కాదు. ఆనాటి భయం నాకూ తెలుసు, మేమూ తలుపులేసుకునే బతికాం. కానీ భయం పోయింది. కంప తీసేశారు, ఆ మలుపు మీదుగానే పెళ్లి ఊరేగింపులు పోతున్నాయి. నర్సమ్మను లోపలికి తెచ్చుకుందామని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అనలేదు. ఆ ఒక్క రోజును నేను మరిచిపోగలనేమో. ఆ తర్వాతి రోజులను మరిచిపోలేను.

మీరూ సమాధుల పండుగకు అటు వెళ్తుంటే ఒక మాట. మిట్ట ప్రాంతం, గాలి ఎక్కువ, కొవ్వొత్తికి అడ్డుగా పాత కుండ ఒకటి తీసుకెళ్లండి. మా అవ్వ దగ్గర ఒకటి వెలిగించాలనిపిస్తే సమాధుల తోటలో వెతకకండి. కంప వేసిన మలుపు ఎక్కడని ఊళ్లో అడగండి. ఎవరూ చెప్పరు. కానీ అందరి కళ్లూ ఒకసారి అటు పోతాయి. అటే వెళ్లండి.