మృతురాలి కుటుంబం

సూర్యాపేట నుంచి కోదాడ పోయే బస్సులో ఒక మనిషి లేచి నాకు సీటిచ్చాడు. కూర్చున్నాక తలెత్తి చూశాను. మా అక్కను చంపినవాడు.

"బాగున్నవా మరదలా?" అన్నాడు.

తెల్ల చొక్కా, నున్నగా గీసిన గడ్డం. జైల్లో ఉండాల్సిన మనిషి, ఏదో పెళ్లిలో కలిసినట్టు నవ్వుతున్నాడు. "బిడ్డ ఏం సదువుతుంది?" అని కూడా అడిగాడు. కోదాడ ఇంకా దూరమే ఉన్నా తర్వాతి స్టేజీలో దిగిపోయాను.

చివ్వెంల దగ్గర వాళ్ల ఊళ్లో, పట్టపగలు, పారతో కొట్టి చంపాడు అక్కను. అప్పుడప్పుడే మాటలొస్తున్న వాళ్ల బిడ్డ గడపలో కూర్చుని చూసింది. కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. మా అమ్మ గరిడేపల్లి పొలాల్లో నాట్లు వేసి మమ్మల్ని పెంచిన మనిషి. తీర్పు విన్నాక నా చేయి పట్టుకుని, "ఇగ వాడు బయటికి రాడు గద బిడ్డా?" అంది. రాడమ్మా అన్నాను. అమ్మ పోయేదాకా ఆ మాటే నమ్ముకుని ఉంది.

బిడ్డను నేను మిర్యాలగూడ తెచ్చుకున్నాను. అక్కడి బడిలో టీచర్ని. నన్ను చిన్నమ్మా అని పిలుస్తూ పెరిగింది, డిగ్రీకి వచ్చింది. ఎవరైనా పార భుజాన వేసుకుని ఎదురొస్తే మాత్రం ఇప్పటికీ రోడ్డు దాటి అవతలికి పోతుంది.

బస్సులో అతన్ని చూసిన మర్నాడే చివ్వెంల పోలీసు స్టేషన్‌కు పోయాను. అక్కడి అధికారి మర్యాదగానే కుర్చీ చూపించాడు.

"సత్ప్రవర్తన కింద సర్కారు ముందుగాల్నే ఇడిసిందమ్మా. వీడొక్కడే కాదు, చానామందిని ఇడిసిండ్రు."

"మాకొక మాట చెప్పలేదేంది సార్?"

"చెప్పకేం? మావోళ్లు పోయి మృతురాలి కుటుంబాన్ని అడిగిండ్రు. అభ్యంతరం లేదన్నరు."

"మమ్మల్ని ఎవ్వరు అడగలేదు సార్."

ఆయన విచారణకు పోయిన కానిస్టేబుల్‌ను పిలిపించాడు. ఆ మనిషి తడబడలేదు.

"మృతురాలి కుటుంబం అంటే ఆమె అత్తగారిల్లే గద మేడం. పెళ్లయినాక ఆడోళ్లకు ఇల్లు అదే గద. గాడ ముసలమ్మను అడిగినం. నాకేం అభ్యంతరం సారూ, వస్తే సాలు అన్నది."

చచ్చిపోయిన మా అక్క తరఫున, చంపినవాడి తల్లి ఒప్పుకుంది.

"ఆమె వాని కన్నతల్లి సార్" అన్నాను.

అధికారి కానిస్టేబుల్ వైపు చూశాడు. తిట్టలేదు. "మేం పంపింది అభిప్రాయమే అమ్మా. ఇడిసింది మేం కాదు. జైలోళ్లను అడుగు" అన్నాడు.

జైలోళ్లను అడిగితే, లోపల ఎట్లా నడుచుకున్నాడో చెప్పడమే మా పని, ఎవర్ని వదలాలన్న నిర్ణయం హైదరాబాద్‌లో కమిటీది అన్నారు. సెలవు పెట్టి అక్కడికీ పోయాను. కమిటీ సిఫారసు మాత్రమే చేస్తుందని, ఉత్తర్వు ప్రభుత్వానిదని ఆఫీసులో ఒకాయన చెప్పాడు.

"ప్రభుత్వంల ఎవరు సార్?"

"ఎవరు ఏంది మేడం, ప్రభుత్వమే" అని పక్కనున్నాయనతో మాటల్లో పడ్డాడు.

చివరికి సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి పోయాం. వద్దన్నా బిడ్డ నా వెంట వచ్చింది. బల్ల అవతలి అధికారి మా దరఖాస్తు చదివి, "ఇంతకూ మీకు ఏం కావాలె?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే బిడ్డ మాట్లాడింది.

"మా అమ్మ గురించి మా నాయినమ్మను అడిగినోళ్లెవరో, ఆ జవాబుకు సరే అన్నోళ్లెవరో నాకు తెల్వాలె సార్. నా ఎదురుంగ కూసొని చెప్పాలె."

ఆయన కళ్లద్దాలు తీశాడు. గొంతు బాగా మెత్తగా ఉంది. "ఎంతైనా నీ తండ్రి గదమ్మా. మారిండని సర్కారే అంటుంది. ఒకసారి పోయి మాట్లాడరాదు?"

వెనక వరుసలో ఉన్నవాళ్లు తొందరపెడుతుంటే మేం పక్కకు జరిగాం. కొద్దిరోజులకు నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది అని. బిడ్డ అది చదివి, ఫోన్ బోర్లా పెట్టి, అన్నం ముందు నుంచి లేచిపోయింది. తర్వాత హైకోర్టులో కేసు వేశాం. ఇంకా విచారణకు రాలేదు.

ఆ ఎండాకాలంలో అతనికి కోదాడలో సంబంధం కుదిరిందని విన్నాను. అడ్రస్ కనుక్కుని పోయాను. మొగుడు వదిలేసి పోతే బట్టలు కుట్టుకుంటూ తల్లి దగ్గర ఉంటున్న ఆమె. నన్ను లోపలికి పిలిచి నీళ్లిచ్చింది. జరిగిందంతా చెప్పాను, పార గురించీ, గడపలో ఉన్న పిల్ల గురించీ. తల్లి ఓపిగ్గా విన్నది.

"మాకు తెలుసమ్మా. ఆయన దాచలేదు" అంది. "మంచోడు కాకపోతే గవర్నమెంటోళ్లు ఊరికే వదులుతారా? వాళ్లకంటే మీకెక్కువ తెలుసా?"

లేచి బయటికొచ్చాను. సందు మలుపు దాకా వచ్చాక వెనక చెప్పుల చప్పుడైంది. ఆ కూతురే. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"అక్కా, ఒక్క మాట చెప్పి వెళ్లు. ఆయనకి దేనికి కోపమొస్తుంది? ముందే తెలిస్తే నేను జాగ్రత్తగా ఉంటా."

ఆ రోజు అక్క ఏం చేసిందో కోర్టులో కూడా ఎవరూ చెప్పలేకపోయారు. అన్నం పెట్టి, తినడానికి రమ్మని పిలిచిందట, అంతే.

"నాకు తెల్వదమ్మా" అన్నాను.

ఆమె నమ్మలేదు. తెలిసి కూడా దాస్తున్నానని అనుకున్నట్టుంది. ముఖం ముడుచుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది. ఆ నెలలోనే వాళ్ల పెళ్లయింది.