అరగదీసే డాక్టరు

మా బావకి గుర్రాలంటే ప్రాణమని అందరూ అంటారు. అననివ్వండి, నాదేం పోయింది? ఆయన బండి నడిపేదాన్ని నేను. పొద్దున్నే ఇంట్లోంచి బయటికొచ్చి ఆయన మొట్టమొదట చూసేది మందుల పెట్టెని కాదు, బండి పక్కనుండే అద్దాన్ని. జుట్టు సర్దుకుని, మీసం దువ్వుకుని, తెల్లకోటు కాలరు లాక్కుని, "ఎలా ఉన్నాను మరదలా?" అంటాడు. "హీరోలా ఉన్నారు బావా, కాకపోతే మిమ్మల్ని చూడబోయేది గుర్రం" అంటాను. పగలబడి నవ్వుతాడు. మరదలు ఏమన్నా ఆయనకి ముచ్చటే.

బావ గుర్రాల డాక్టరు. విడిగా ఆస్పత్రి అంటూ లేదు, బండే ఆస్పత్రి. గుర్రం ఎక్కడుంటే అక్కడికి వెళ్తాం. బండి లోపల ఒక పక్క సూదులు, సీసాలు, కట్టు గుడ్డలు. మరో పక్క పళ్ళ సామాను: గుర్రం నోరు మూసుకోకుండా పట్టి ఉంచే ఇనప చట్రం, పొడుగు పిడి ఆకురాళ్ళు, కరెంటుతో గిర్రున తిరిగే ఆకురాయి ఒకటి. బండి మీద పళ్ళికిలించి నవ్వుతున్న గుర్రం బొమ్మ వేయించాడు. గుర్రం నవ్వడం నేనింతవరకు చూడలేదు. మా బావ చెయ్యి పడ్డాక నవ్వే గుర్రాన్ని అసలే చూడలేదు.

మొదట్లో ఆయన గేదెల్నీ కుక్కల్నీ చూసేవాడు. ఒకరోజు పేడ తోకతో ఒక గేదె ఆయన మొహం మీద ఫెడీమని కొట్టింది, అదీ పై అధికారి ముందు. ఆ దెబ్బతో గేదెల మీద విరక్తి పుట్టింది. గుర్రాలున్నచోట కుర్చీ వేస్తారని, చల్లటి నీళ్ళిస్తారని, "గారు" లేకుండా పిలవరని తెలుసుకున్నాక అటు తిరిగాడు. దీన్నే ఆయన సభల్లో 'నా జీవితాశయం' అంటాడు.

ఇక మా అక్క. బావ ఆకురాళ్ళు మరగబెట్టేది అక్క, గుర్రాల చొంగ పట్టిన కోటు ఉతికి ఇస్త్రీ చేసేది అక్క, ఏ గుర్రానికి కడుపునొప్పి, ఏది కుంటుతోంది అని ఫోన్లు ఎత్తి సమాధానం చెప్పేది అక్క. ఒక్కసారి కూడా బావతో పనికి వచ్చి ఎరగదు, ఆయన రమ్మనీ ఎరగడు. ఆయన మాటకి ఎదురు చెప్పడం నేను వినలేదు. ఆ ఓపిక చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

పళ్ళ గురించి బావ చెప్పే ఉపన్యాసం నాకు కంఠతా వచ్చేసింది. గుర్రం పళ్ళు బతికినంతకాలం కొంచెం కొంచెంగా పైకి వస్తూనే ఉంటాయి, నములుతుంటే అరుగుతూనే ఉంటాయి. అరుగుదల సమంగా లేకపోతే దవడపళ్ళ అంచులు మొనదేలి బుగ్గల్ని కోస్తాయి. ఆ మొనలు తీసేస్తే చాలు. "పైన గరుకు మాత్రం అలాగే ఉండాలండీ. తిరగలి రాయి నున్నబడితే పిండి పడుతుందా?" అని చెయ్యి గాల్లో తిప్పుతాడు. వినేవాళ్ళు తలలూపుతారు. పాపం, ఆ ముక్క ఆయన ఊళ్ళోవాళ్ళకి చెప్పుకోవడానికే, తను వినడానికి కాదు.

ఎందుకంటే ఫొటోలు. పనికి ముందొకటి, పని అయ్యాక ఒకటి తీసి అందరికీ పంపించాలి. రెండో ఫొటోలో పళ్ళు తళతళలాడాలి. మొన మాత్రమే తీస్తే ఫొటోలో ఏం తేడా తెలుస్తుంది? అందుకని ఇంకాస్త రుద్దుతాడు. చుట్టూ జనం ఉంటే మరికాస్త రుద్దుతాడు. నేను లైటు పట్టుకుని నిలబడి పెద్ద పెద్ద ఆవులింతలు తీస్తుంటాను.

అలా పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాం. పెద్దమ్మంటే గుర్రమే. పిల్లలకి సవారీ నేర్పే బడి ఒకటుంది, అందులో బూడిదరంగు ఆడగుర్రం. ఏ పిల్లాడు జారినా టక్కున ఆగిపోతుంది, మెడ పట్టుకుని వేలాడినా విసుక్కోదు. అందుకని పిల్లలే ఆ పేరు పెట్టారు. దాని ఆలనాపాలనా లాయంలో పనిచేసే ఒకావిడది. ఆవిడని అందరూ లాయం ఆవిడ అనే అంటారు. పెద్దమ్మని కూనగా ఉన్నప్పటినుంచి పెంచింది. గడ్డి వేస్తూ దానితో ఇంటి సంగతులన్నీ చెప్పుకుంటుంది, అది చెవులు తిప్పుతూ వింటుంది.

ఆ రోజు పెద్దమ్మ నోట్లో పెద్ద జబ్బేమీ లేదు. ఒక పక్క అంచు కాస్త మొనదేలింది, అంతే. కానీ బడి యజమాని పక్కనే ఉన్నాడు, పిల్లల తల్లిదండ్రులు ఫోన్లు ఎత్తిపట్టి నిలబడ్డారు. మత్తు సూది వేసి, చట్రం బిగించి, బావ కరెంటు ఆకురాయి అందుకున్నాడు. లాయమంతా తెల్లటి పొడి లేచింది. ఎంతకీ ఆపడే.

"బావా, చాలు. ఇంకా రుద్దితే చిగుళ్ళే మిగులుతాయి" అన్నాను.

అందరూ నవ్వారు. "మా మరదలు లెండి, నోరెక్కువ" అన్నాడు బావ ముసిముసిగా, ఇంకోసారి రుద్దాడు. పని అయ్యాక లోపలికి లైటు వేస్తే దవడపళ్ళు కడిగి బోర్లించిన పింగాణీ పళ్ళేల్లా ఉన్నాయి. ఫొటో అద్భుతంగా వచ్చింది. అదే కదా కావలసింది.

తర్వాత కొన్నాళ్ళకి లాయం ఆవిడ ఫోన్లు మొదలయ్యాయి. పెద్దమ్మ గడ్డి నోట్లో పెట్టుకుంటుందట, అటూ ఇటూ తిప్పుతుందట, ఉండ చుట్టి కింద పడేస్తుందట. అక్క ఆ మాటే బావకి చెబితే "బలం మందు వాడమను" అన్నాడు తల కూడా ఎత్తకుండా. వాడారు. నమిలే దారి లేకపోతే బలం ఎక్కడినుంచి వస్తుంది? పెద్దమ్మ పక్కటెముకలు బయటపడ్డాయి. చివరికి యజమానే మళ్ళీ రమ్మన్నాడు.

వెళ్ళేసరికి దాని కాళ్ళ చుట్టూ నేలంతా పచ్చగా తడిగా గడ్డి ఉండలు. లాయం ఆవిడ ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. పీచు పీచుగా, నలగకుండా అలాగే ఉంది.

యజమాని కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. "చూడండి డాక్టరు గారూ, పిల్లలు దీన్ని చూసి ఏడుస్తున్నారు. ఎవర్నీ ఎక్కించుకుని తిప్పే ఓపిక దానికి లేదు. బాగయ్యేదైతే బాగుచెయ్యండి. కాదంటే వచ్చే వారం మీరే ఒక సూది వేసి దాని బాధ తీర్చెయ్యండి."

లాయం ఆవిడ పెద్దమ్మ మెడ మీద చెయ్యి వేసి బావ మొహంలోకి చూస్తూ నిలబడింది. బావ చట్రం పెట్టి నోట్లోకి చూశాడు. చేత్తో తడిమాడు. ఆయన చెవులు ఎర్రబడడం నేను చూశాను. తెలిసిపోయింది. తను చేసిన పని వేళ్ళకి తగిలింది. నాలుగు నెలలో ఆరు నెలలో నానబెట్టిన మెత్తటి మేత పెడితే పళ్ళు మళ్ళీ పైకొచ్చి గరుకుబడతాయని ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? ఆ ఒక్క మాట అంటే గుర్రం బతుకుతుంది.

చెయ్యి తుడుచుకుని "వయసండీ" అన్నాడు. "పళ్ళ ఆయుష్షు తీరిపోయింది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "వయసూ కాదు, వంకాయా కాదు. మా బావే అరగదీసేశాడండీ. నమలడానికి దానికి ఏమీ మిగల్చలేదు" అన్నాను.

యజమాని ఫక్కున నవ్వాడు. "మరదలంటే ఇలాగే ఉండాలండీ డాక్టరు గారూ, మిమ్మల్ని బతకనివ్వదు."

బావ కూడా నవ్వాడు. నిజం చెప్పినా పరాచికమే అయిపోతే ఇంకేం చెయ్యను? లాయం ఆవిడ మాత్రం నవ్వలేదు. నా వైపు తిరిగి మెల్లిగా "నిజమేనామ్మా?" అంది. తలూపాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది, అంతకంటే ఏం చెయ్యగలదు.

ఇంటికొచ్చి అక్కకి చెప్పాను. వంటింట్లో ఆకురాళ్ళు మరుగుతున్నాయి. అక్క పొయ్యి కట్టేసి, అన్నం తింటున్న బావ ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అది చెప్పేది నిజమాండీ?"

"దాని మాటలేంటి, అది ఎప్పుడూ అంతే."

"నేను మిమ్మల్ని అడుగుతున్నాను."

బావ కంచంలో అన్నం కెలికాడు. "కాస్త ఎక్కువ అరిగాయి. పెరుగుతాయిలే."

"పెరుగుతాయని చెప్పచ్చు కదండీ."

"చెప్తే రేపటినుంచి నన్నెవడు పిలుస్తాడు? నీకేం, ఇంట్లో కూర్చుని ఎన్నైనా చెప్తావ్."

ఛీ, అనిపించింది. ఒక ప్రాణం తీయడానికి సిద్ధపడ్డాడు గానీ ఒక మాట అనడానికి నోరు రాలేదు. అక్క మాత్రం గొంతు పెంచలేదు. "సరే, చెప్పకండి. దాన్ని ఇక్కడికి తీసుకురండి. పెరట్లో షెడ్డు ఖాళీగానే ఉంది, మేత నేను పెడతాను" అంది.

బావ ముద్ద ఆపి ఆలోచించాడు. ఆ మొహం వెలగడం చూడాలి మీరు. చావబోయే గుర్రాన్ని డాక్టరే ఇంటికి తెచ్చుకున్నాడంటే ఎంత పేరు! ఆ సాయంత్రమే యజమానికి ఫోను చేసి "నా మనసు ఒప్పుకోవడం లేదండీ" అన్నాడు. మర్నాడు పెద్దమ్మ మెడ చుట్టూ చెయ్యేసి ఫొటో దిగాడు. ఆ తర్వాత షెడ్డు వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు.

తవుడు నానబెట్టింది అక్క. గడ్డిని సన్నగా తరిగి, వేడినీళ్ళు పోసి, పిసికి, మూతి ముందు పెట్టింది అక్క. లాయం ఆవిడ పని అయిపోగానే వచ్చి సాయం పట్టేది. ఇద్దరూ ఆ షెడ్డులో కూర్చుని ఏం మాట్లాడుకునేవాళ్ళో గానీ, అక్క నవ్వు వంటింట్లోకి వినబడేది. పెద్దమ్మ మెల్లిమెల్లిగా నిండింది. ఒకరోజు షెడ్డులోంచి కరకరమని చప్పుడొస్తే పరిగెత్తాను. ఎండుగడ్డి నములుతోంది. లాయం ఆవిడ పక్కనే నేల మీద కూర్చుని ఏడుస్తోంది.

బావ ఊరుకుంటాడా? ఇది తను కనిపెట్టిన ప్రత్యేక వైద్యమని చెప్పుకు తిరిగాడు. గుర్రాల యజమానుల సంఘం వాళ్ళు ఉబ్బి తబ్బిబ్బయి మైదానంలో సభ పెట్టారు. అందరూ తమ తమ గుర్రాలతో రావాలి, డాక్టరు గారు పెద్దమ్మని చూపించి మాట్లాడతారు. పెద్దమ్మకి బావని చూస్తేనే చెవులు వెనక్కి పోతాయి. అక్క పట్టుకుంటే తప్ప కదలదు. అందుకని మొదటిసారి అక్కని కూడా రమ్మన్నాడు.

"నోరు తెరిచి చూపించడమే కదా?" అని అక్క బయల్దేరేముందు అడిగింది. "అంతే" అన్నాడు.

మైదానంలో వరసగా గుర్రాలు, కుర్చీలు, మైకు. ఆ గుర్రాల్లో బావ చెయ్యి పడనిది లేదు. తన జాలిగుండె గురించి ఆయన చాలాసేపు మాట్లాడాడు. తర్వాత పెద్దమ్మకి మత్తు సూది వేసి, చట్రం బిగించి, పళ్ళు చూపించాడు. చప్పట్లు కొట్టారు. అక్కడితో ఆగాడా? ఎదురుగా ఫోన్లన్నీ పైకి లేచి ఉన్నాయి. పళ్ళేమో గరుకుగా, పచ్చగా, ఫొటోకి పనికిరాకుండా ఉన్నాయి. బావ కరెంటు ఆకురాయి అందుకున్నాడు.

"కొంచెం మెరుగు పెడతాను, చూడండి" అన్నాడు.

అక్క తన చెయ్యి పెద్దమ్మ నోటికి అడ్డం పెట్టింది. ఆకురాయి తిరుగుతూనే ఉంది.

"చెయ్యి తియ్యి" అన్నాడు బావ పళ్ళ బిగువున.

"తియ్యనండీ."

మైకు దగ్గరగా ఉంది. అందరికీ వినబడింది. అక్క జనం వైపు తిరిగింది. "దీని పళ్ళు పాడుచేసింది ఈయనే. ఫొటోలో మెరవాలని నున్నగా అరగదీశారు. నమలలేక చావబోయింది. పళ్ళు మళ్ళీ పైకొచ్చేదాకా తవుడు నానబెట్టి పెట్టాం, లాయం ఆవిడా నేనూ. వైద్యం ఏమీ లేదు" అంది.

తర్వాత తనే చట్రం మరలు విప్పింది. పెద్దమ్మ మత్తులో తల వాల్చి అక్క భుజం మీద ఆనించింది.

బావ మెషీను ఆపి, సామాను ఎలా పడితే అలా పెట్టెలో కుక్కి, "బండి తియ్యి" అన్నాడు నాతో. స్టీరింగు ముందు కూర్చున్నాను. ఇంతలో సవారీ బడి యజమాని మరో గుర్రాన్ని నడిపించుకుంటూ వచ్చి బండికి అడ్డంగా నిలబడ్డాడు. గోధుమరంగు గుర్రం, డొక్కలు లోపలికి పోయి ఉంది.

"డాక్టరు గారూ, ఇది కూడా కొన్నాళ్ళుగా సరిగ్గా తినడం లేదు. ఎండలనుకున్నాం" అన్నాడు. "దిగండి. ఏమీ చెయ్యద్దు. చూసి ఉన్నదున్నట్టు చెప్పండి చాలు."

బావ నావైపు చూశాడు. నేను ఇంజను ఆపేశాను. దిగాడు. గుర్రం నోట్లో చెయ్యి పెట్టి చాలాసేపు తడిమాడు.

"దీనికి కూడా ఎక్కువే తీశాను" అన్నాడు. "తవుడు నానబెట్టి పెట్టండి."

యజమాని తలూపి గుర్రాన్ని పక్కకి తీసుకెళ్ళాడు. దాని వెనక ఇంకో గుర్రం నిలబడి ఉంది.