వేలిముద్ర కింద రాయని పేరు

దయ్యాల మాట ఎత్తినవాణ్ణి నా ఎదుట కూర్చోనిచ్చేవాణ్ణి కాదు. బడి మొహం చూడకుండా, పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి నేను. తాలూకా ఆఫీసు ముందర నలభై ఏండ్లు అర్జీలు రాసి బతికినాను. చేవ్రాలు చేయలేనివాళ్ళ బొటనవేలు పట్టి సిరా అద్ది ముద్ర వేయించి, కింద ‘ఇది ఫలానావారి వేలిముద్ర’ అని రాయడం నా పని. కంటికి కనబడనిదాన్ని నేను కాగితం మీద పెట్టలేదు.

మాది సోమేనహళ్ళి దగ్గర పల్లె. నా భార్య గంగులమ్మ పోయి చాలా ఏండ్లయింది. ఇంట్లో నేనూ, మా అక్క నారెమ్మా. అక్కకు డెబ్భై అయిదు దాటినాయి. చక్కెర జబ్బు, రెండు కండ్లలో పొరలు.

మా ఊరి ఆరోగ్య కేంద్రానికి ఒక మగ నర్సును వేసినారు. కలబురగి వైపు కన్నడ పిల్లవాడు, తెలుగు అంతంత మాత్రం. ఆడవాళ్ళు నర్సప్ప అంటారు. బాలింతలను చూడాలన్నా, ముసలమ్మలకు సూది వేయాలన్నా అతనే. ఇంటి ఆడమనిషి ఒకరు పక్కన కూర్చుంటే తప్ప గడప దాటడు. కూర్చున్నవాళ్ళ చేత రిజిస్టరులో చేవ్రాలో వేలిముద్రో వేయిస్తాడు. మామూలుగా ఊరి ఆశా కార్యకర్త వెంట ఉండేది. ఆమె కూతురి కాన్పుకు పోయింది. బదులు ఇంకొకరిని పంపాలన్న బుద్ధి పైవాళ్ళకు లేకపోయింది. ఒంటరి మగపిల్లవాడిని పల్లె మీదికి తోలి, ఆడవాళ్ళు చూపించుకోరని మళ్ళీ వాళ్ళే గొణుగుతారు.

అక్కకు రొమ్ము కింద పుండు లేచింది. చెప్పకుండా దాచింది. వాసన వచ్చి నాకు తెలిసేసరికి జ్వరం పట్టింది. నర్సప్ప మూడు దినాలు గడప దగ్గర నిలబడి బతిమాలినాడు. చీము తీయకపోతే విషం రక్తంలోకి పోతుంది, ఇంక రెండు దినాలకంటే ఎక్కువ ఆగదన్నాడు. అక్క గోడ వైపు తిరిగి పడుకుంది. ఆటో పిలిస్తే ఎక్కలేదు. తోడు కూర్చోవడానికి పిలుద్దామంటే వీధిలో ఆడవాళ్ళంతా టమాటా కోతల్లో ఉన్నారు.

నేనూ బతిమాలినాను. అప్పుడు అక్క అన్న మాట ఇది:

"ఆ పొద్దు నీ పెండ్లాన్ని మగోనికి చూపియ్యనంటివి. ఈ పొద్దు నన్ను చూపిచ్చుకోమంటాండావేమిరా?"

అక్క అన్నది నిజమే. గంగులమ్మకు రక్తస్రావం ఆగకపోతే బాగేపల్లి దారిలో ఒక చిన్న ఆసుపత్రికి తీసుకుపోయినాను. అక్కడ ఉన్నది మగ నర్సే. నా భార్య ఒంటి మీద మగవాడు చెయ్యి వేయడానికి లేదన్నాను. నర్సమ్మ సాయంత్రం బస్సుకు వస్తుందన్నారు. కాచుకుందామన్నాను. గంగులమ్మ నా చెయ్యి పట్టుకుని, నాకు మాత్రమే వినబడేటట్టు అంది: "ఎవురైతే ఏమి, చూడనీండి." నేను వినలేదు. నర్సమ్మ చెప్పినట్టే బస్సుకు వచ్చింది. గంగులమ్మ అప్పటికే లేదు. ఆమె నా ఒక్కడికే అన్న ఆ మాట నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

అక్క ఆ మాట అడిగిన మరునాడు పొద్దున్నే చింతామణి పట్నం పోయి, ఇంటికి వచ్చే నర్సమ్మ కోసం తిరిగినాను. అంత దూరం రామన్నారు. మధ్యాహ్నం మూడింటికి ఉత్త చేతులతో ఇల్లు చేరితే అక్క నిద్రపోతూ ఉంది. పుండు మీద తెల్లటి కట్టు.

నర్సప్ప అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చీము అంతా తీసేసినానని, గండం గడిచిందని చెప్పి రిజిస్టరు నా ముందర పెట్టినాడు.

"మీ ఇంటి అమ్మ కూతుకొండిద్రు అప్పా. పేరు కేళిదరె నవ్వి ఊరుకుండ్రి. ముద్ర వేసినారు. కింద పేరు మీరు బరీండి."

పక్కన కూర్చోవడానికి, పేరడిగితే నవ్వి ఊరుకోవడానికి మా ఇంట్లో అక్క తప్ప వేరే ఆడమనిషి లేదన్నాను. అతను నన్ను వింతగా చూసినాడు.

ముద్ర చూసినాను. మధ్యలో ఏటవాలుగా తెల్లటి గీత. రేష్మె పట్టు పురుగులకు మల్బరీ ఆకు తరిగేటప్పుడు కత్తి పడి, గంగులమ్మ బొటనవేలికి అటువంటి గీతే ఉండేది. ట్రంకు పెట్టెలోనుంచి ఆమె పాత రేషను అర్జీ తీసి పక్కపక్కన పెట్టినాను. గీత ఒకటే. గీత పక్కన విరిగిన వేలిరేఖల సుడీ ఒకటే. అక్క వేలు చూసినాను. కోతలనుంచి వచ్చిన ఆడవాళ్ళందరి వేళ్ళూ చూసినాను, నవ్వినా లెక్కచేయలేదు. నర్సప్ప ఈ ఊరికి వచ్చి ఏడాది కాలేదు, గంగులమ్మను ఎరగడు.

అక్కకు తెలివి వచ్చినాక, ఎవరు కూర్చున్నారని అడిగినాను.

"కండ్లు యాడ కనపడ్తాయిరా నాకు. పక్కింటామె అనుకుంటి. తల నిమిరి, ఎవురైతే ఏమి, చూడనీ వదినా, అనె. సరే అంటి."

నా గురించి ఏమైనా అడిగిందా అన్నాను.

"లేదురా. నీ మాటే ఎత్తల్యా."

అక్క ఇప్పుడు లేచి తిరుగుతూ ఉంది. నర్సప్ప వస్తే తోడు లేకపోయినా తానే లోపలికి రమ్మంటుంది. అతను వచ్చే వేళకు నేను అప్పుడప్పుడు కావాలనే ఇల్లు విడిచి పోతాను. తిరిగి వచ్చి, పక్కన ఎవరైనా కూర్చున్నారా అని అక్కను అడుగుతాను. ఎవరూ రాలేదంటుంది.

పేరు రాయమని నర్సప్ప రెండు సార్లు రిజిస్టరు తెచ్చినాడు. నలభై ఏండ్లు అందరి ముద్రల కింద పేర్లు రాసినవాణ్ణి, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.