మా బావ కదిలించిన మోకాలు

మా బావని మా వీధిలో ఎవరూ పేరుపెట్టి పిలవరు. 'కదలకండి' అంటారు. "కదలకండి ఉన్నాడా?", "కదలకండి దగ్గర తీయించుకున్నాం" అని. ముప్పై ఏళ్లుగా ఫొటో స్టూడియోలో ఆయన పలికిన మాటల్లో సగం ఆ ఒక్క మాటే. ఏడ్చే పసివాళ్లని, తుమ్ము ఆపుకుంటున్న గుమాస్తాలని, కొత్త పళ్లసెట్టుతో వచ్చిన ముసలాళ్లని ఆ మాటతోనే నిలబెట్టాడు. కదలని మనిషంటే ఆయనకి గౌరవం. నేను ఒకచోట నిలవను కాబట్టి నామీద అంత లేదు.

ఫొటో తీయడం ఆయన పనిలో సగమే. మిగతా సగం దిద్దడం. కళ్లకింద నలుపు, నుదుటిమీద గీతలు, మొటిమలు, గాట్లు ఏవీ ఉండనిచ్చేవాడు కాదు. వెనకట్లో నెగెటివ్ మీద సన్న పెన్సిలుతో దిద్దేవాడు, తరవాత కంప్యూటర్లో. అడిగినా దిద్దేవాడు, అడక్కపోయినా దిద్దేవాడు. మా వీధి జనమంతా ఎవరింటి గోడమీద వాళ్లు పదేళ్లు చిన్నవాళ్లై వేలాడుతుంటారు. ఇళ్లు అద్దెకి చూపించే ఏజెంటు ఒకాయన తన ఫొటో అందుకుని, "ఇది మా తమ్ముడిదండీ" అని తిరిగి ఇచ్చేశాడు.

తరవాత అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చాయి. స్టూడియోకి గిరాకీ తగ్గుతూ తగ్గుతూ చివరికి దారి అడగడానికి వచ్చేవాళ్లే మిగిలారు.

ఆ గది మా నాన్నది. ఇప్పుడు నాకూ అక్కకీ చెరిసగం. దాని పక్కగదిలో నాది కుళాయిల కొట్టు. పైపులు, వాషర్లు, షవర్లు పెరిగిపోయి నా కొట్లో నేనే అడ్డంగా నడవాల్సిన గతి పట్టింది. మధ్యగోడ కొట్టేస్తే రెండు గదులూ ఒకటవుతాయి. ఈ మాట నేను ఎప్పుడూ పైకి అనలేదు. దాయాది చావు కోరతాడు, బావమరిది బతుకు కోరతాడు అంటారు. నేనూ మా బావ బతుకే కోరాను. కాకపోతే ఇంకో గదిలో.

అందుకే ఒకరోజు ఎంతో ప్రేమగా చెప్పాను. "బావా, ఇప్పుడంతా వెబ్‌సైట్లు. వాటిలో బొమ్మలు కదలాలి. వెనక వీధిలో మూడు నెలల్లో నేర్పుతున్నారట. చేరు. ఆ మూడు నెలల్లో ఒక్క ఆర్డర్ తెచ్చావంటే గది నీదే, మళ్లీ దాని ఊసెత్తను. తేలేకపోతే మాత్రం నా కొట్లో కలిపేసుకుంటాను."

"కదిలే బొమ్మలా?" అన్నాడు బావ, ఎవరో బూతు మాట అన్నట్టు.

అక్క మాత్రం నా మొహంలోకి చూసి, "ఆయన చదువు మీద నీకెందుకురా ఇంత శ్రద్ధ?" అంది. పైపుల బండి వచ్చే వేళయిందని చెప్పి నేను బయటపడ్డాను.

బావ చేరాడు. క్లాసులో అందరూ ఆయన పిల్లల వయసువాళ్లు. పాఠం చెప్పే అమ్మాయికి ఇరవై రెండేళ్లుంటాయి. ఆయన ఆమెని "టీచరమ్మా" అంటాడు, ఆమె ఆయన్ని "అంకుల్" అంటుంది. మొదటిరోజే పేచీ వచ్చింది. మొదటి బొమ్మ, చివరి బొమ్మ మనం పెడితే చాలని, మధ్యలోవి కంప్యూటరే నింపుకుంటుందని ఆ అమ్మాయి చెప్పింది. బావకి ఇది మింగుడుపడలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర నన్నే నిలదీశాడు.

"మధ్యలో ఏం జరిగిందో దానికెలా తెలుస్తుంది? చూసిందా?"

నేనేదో కంప్యూటరుకి మేనమామనైనట్టు.

రెండు వారాలయ్యాక నాకు ఆత్రం పట్టలేక, అక్కడ కారుతున్న కుళాయి బాగుచేసే నెపంతో వెళ్లి చూశాను. బావ చేసిన బంతి తెరమీద గెంతుతోంది. కింద తగిలింది, పైకి లేచింది, గాల్లో ఆగింది. కదలకుండా ఒక సెకను అలాగే ఉండి, అప్పుడు దిగింది.

"అంకుల్, బంతి పైన ఎందుకు ఆగింది?"

"ఆగకపోతే ఫొటో ఎలా తీస్తారమ్మా?"

క్లాసంతా నవ్వింది. చేతిలో రెంచీ పట్టుకుని నేను అందరికంటే గట్టిగా నవ్వాను. బావ చేసిన పిచ్చుక కూడా అంతే. ఎగరబోయే ముందు తిన్నగా మనవైపు చూసి, గడ్డం కాస్త దించి, సర్దుకుని అప్పుడు ఎగిరేది. నా గోడ సగం కూలినట్టే లెక్క.

కానీ మనిషి ఒక్కరోజు మానలేదు. రెండో నెలలో ఒక సాయంత్రం కొట్లోకి పరిగెత్తుకొచ్చాడు. ఆయన పరిగెత్తడం నేను చూడటం అదే మొదలు.

"బామ్మర్దీ, ఇందులో కదలడమన్నదే లేదు, తెలుసా? అన్నీ కదలని బొమ్మలే! వరసగా చూపిస్తే మన కళ్లు మోసపోతాయి, అంతే. ఇన్నాళ్లూ నేను చేసిన పనేరా ఇది!"

"మంచిది బావా," అన్నాను. నా నవ్వు నాకే చేదుగా తగిలింది.

మూడో నెలలో ఆర్డర్ కూడా తగిలింది. స్టూడియో పైన మోకాళ్లకి, నడుములకి వ్యాయామాలు చేయించే డాక్టరమ్మ ఉంది. కుర్చీలో కూచుని కాలు మెల్లగా పైకెత్తే వ్యాయామం ఒకటి తన వెబ్‌సైట్లో కదిలే బొమ్మగా కావాలంది. "చేసి చూపించండి, బాగుంటే పెడతాను," అంది.

బావ కంప్యూటర్ని నమ్మలేదు. మధ్యలోవి కూడా తనే పెడతానన్నాడు. అక్కని కుర్చీలో కూచోబెట్టి, కాలు నేలమీది నించి తిన్నగా చాచేదాకా ఇరవైనాలుగు ఫొటోలు తీశాడు. "కాస్త ఎత్తు. కదలకు. ఇంకాస్త. కదలకు." అక్కకి అసలే మోకాళ్లనొప్పి. "పెళ్లయిన కొత్తలోనూ ఇదే మాట, ఇప్పుడూ ఇదే మాట. రెండో మాట నేర్చుకోలేదు ఈ మనిషి," అని తిడుతూనే ఎత్తింది.

గడువు ఆఖరిరోజు సాయంత్రం డాక్టరమ్మ చూడటానికి కిందికి దిగింది. నేనూ వెళ్లాను, జేబులో కొలత టేపు వేసుకుని. బావ ఓడిపోవాలని కాదు, ఓడిపోతే ఆలస్యం కాకూడదని.

తెరమీద అక్క కనపడింది. కాలు లేచింది. ఎక్కడా ఆగలేదు, తడబడలేదు, నీళ్లు పారినంత సాఫీగా లేచింది. "ఎంత బాగా వచ్చిందండీ!" అంది డాక్టరమ్మ. నేను జేబులో టేపుని ఇంకాస్త లోపలికి తోశాను.

అప్పుడు ఇంకేదో కనపడింది. కాలు లేచేకొద్దీ అక్క కళ్లకింద నలుపు పోతోంది. నుదుటి గీతలు పోతున్నాయి. చెంపలు నిండుతున్నాయి. కాలు తిన్నగా చాచేసరికి కుర్చీలో ఇరవై ఏళ్ల పిల్ల కూచుని ఉంది. వెంటనే బొమ్మ మళ్లీ మొదలై, టక్కున యాభై ఏళ్ల మా అక్క. మళ్లీ కాలు. మళ్లీ పడుచుపిల్ల.

"ఇదేమిటండీ?" అంది డాక్టరమ్మ.

"ఏముంది, కాస్త దిద్దాను," అన్నాడు బావ. "మొదటి రెండూ ఊరికే తుడిచాను. తరవాత చెయ్యి ఆగలేదు. ముందుదానికన్నా తరవాతది బాగుండాలి కదా!"

"నొప్పి తగ్గుతుందని చెప్పడానికే నేను భయపడతాను. మీరు ఏకంగా వయసే తగ్గించారు! రేపు జనం వచ్చి నన్ను నిలదీస్తే ఏం చెప్పను? దిద్దని ఫొటోలు ఉన్నాయా?"

లేవు. దిద్దినవాటిని అసలువాటి మీదే సేవ్ చేసేశాడు. ఒకసారి తీసేసిన గీత మళ్లీ కావాలని ముప్పై ఏళ్లలో ఎవరూ అడగలేదు మరి.

"గీతలు తీయడమే వచ్చండీ నాకు," అన్నాడు బావ నీరసంగా. "పెట్టడం రాదు."

రేపు మధ్యాహ్నం లోపల అసలు మొహంతో ఇస్తే సరేనని, లేకపోతే ఇంకెక్కడైనా చేయించుకుంటానని చెప్పి ఆమె పైకి వెళ్లిపోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. గడువు ఈరోజే బావా, అన్న మాట నా నోటిదాకా వచ్చింది. కానీ తెరమీద ఆ పిల్ల మళ్లీ మళ్లీ వస్తోంది. నేను బడికెళ్లే రోజుల్లో నా జిడ్డుమొహం కడిగి తల దువ్విన అక్క.

"ఆ చివరిది ఏ పాత ఫొటో చూసి దిద్దావు బావా?" అని అడిగాను.

"పాత ఫొటో ఎక్కడిది? ఊళ్లో అందరివీ తీస్తూ, ఇంట్లో మనిషిది ఎప్పుడైనా తీయొచ్చులే అనుకున్నాను. పెళ్లి ఫొటోలు ఎప్పుడో చెదలు తినేశాయి. మీ అక్కవి ఆ రోజులవి ఒక్కటీ లేవు."

"మరి?"

"నాకు తెలుసు కదరా," అన్నాడు, అదొక ప్రశ్నా అన్నట్టు.

మధ్యలో ఏం జరిగిందో కంప్యూటర్ చూడలేదు. ఈయన చూశాడు. ప్రతి గీతా ఎప్పుడు వచ్చిందో ఎరిగినవాడు కాబట్టే ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటూ పోగలిగాడు. నాకు సిగ్గేసింది.

అక్క ఎప్పుడు వచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది. ఆ బొమ్మని నాలుగైదుసార్లు చూసింది. తరవాత కుర్చీ లాక్కుని కూచుంది.

"లైటు వేయండి. మళ్లీ తీద్దాం."

"నీ మోకాలు..."

"నా మోకాలు సంగతి నాకు తెలుసు. ఈసారి మాత్రం నా మొహం జోలికి రాకండి."

బావ హడావిడిగా లేచాడు. "కుర్చీ కెమెరాకి సరిగ్గా ఆరడుగుల దూరంలో ఉండాలి. కొలిచేదెక్కడ పెట్టానో..."

నా చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లి టేపు తీసింది. బావ మొహం వెలిగిపోయింది. "టేపు తెచ్చావురా! చూశావా, మీ తమ్ముడు ముందే ఆలోచించాడు!"

అక్క టేపు చూసింది. మధ్యగోడ చూసింది. నన్ను చూసింది.

"వాడు అన్నీ ముందే ఆలోచిస్తాడండీ," అంది. "ఒరేయ్, కాలు నిలవట్లేదు. మడమ కింద చెయ్యి పెట్టు."

"పెట్టరా, నీ చెయ్యి తరవాత తుడిపేస్తాను. ఆ పని నాకు వచ్చు," అన్నాడు బావ.

నేలమీద మోకరిల్లి అక్క మడమ అరచేతిలో పట్టుకున్నాను. పన్నెండో ఫొటో దగ్గర పట్టు మార్చుకోబోయాను.

"బామ్మర్దీ, కదలకు."

కదల్లేదు.

మధ్యగోడ ఇప్పటికీ అలాగే ఉంది. నేను నా కొట్లో అడ్డంగానే నడుస్తున్నాను. డాక్టరమ్మ వెబ్‌సైట్లో అక్క తన గీతలన్నింటితో రోజంతా కాలు ఎత్తుతూనే ఉంటుంది. జాగ్రత్తగా చూస్తే ఒక్క బొమ్మలో, మడమ కింద, నా బొటనవేలు కొస కనపడుతుంది. ఒకరి మొహం మీద పుట్టుమచ్చ కూడా వదలని మనిషి దాన్నెలా వదిలేశాడో నేను అడగలేదు.